కఱ్ఱయా? కరుణయా?

హైదరాబాదు నగరమునకు ఉత్తర దిక్కున మేడ్చలు, శామీర్‌పేట అను రెండు ఊళ్లు కలవు. మొదటి దాని మీదుగా నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారియు, రెండవ దాని మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారియు సాగుచున్నవి. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపడినది. శామీర్‌పేట చెఱువును, దాని చేరువనున్న జింకల వనమును చూచుటకు నగరవాసులు సెలవు దినములలో వత్తురు. కాలము మాఱినది. 2016వ సంవత్సరమున మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. నగరము పాకి పాకి ఈ పల్లెలను చేరినది. తోటలున్న చోట్ల ఇండ్ల స్థలములును, గోదాములును, ఎత్తైన ప్రహరీగోడలును వెలసినవి.

కొత్త ఇల్లు కట్టినవాడు మొదట గేటు పెట్టించును. పిదప ఒక కుక్కపిల్లను తెచ్చును. ఊరి చివర ఇల్లు గదా, కాపలా కావలయునని పెద్దల ఆలోచన. ఆడుకొనుటకు తోడు దొరికినదని పిల్లల సంతోషము. ఆ రెండు నెలల ప్రాణికి మాత్రము ఈ ఆలోచనయు తెలియదు, ఆ సంతోషమునకు కారణమును తెలియదు. తల్లిని విడిచి, తోబుట్టువులను విడిచి, కొత్త వాసనల నడుమ వచ్చి పడినది. మూలుగును, చెప్పులు కొఱుకును, నట్టింట తడి చేయును. అప్పుడు ఇంటిలో ఒక వివాదము పుట్టును. “నాలుగు తగిలించినచో తానే నేర్చుకొనును” అని ఒకరందురు. “పసిది, కొట్టకుడు, మెల్లగా నేర్పుదము” అని మఱియొకరందురు. ఇరువురిలో ఎవరి మాట మేలైనది? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, విచారించిన కొలది పెద్దదగును.

ఈ విషయమున నేను తీర్పు చెప్పుటకు ముందు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట శామీర్‌పేట చేరువ నొక పొలము గట్టున పుట్టిన ఊరకుక్క పిల్లను మా ఇంటికి తెచ్చుకొంటిమి. మూడు దినములు అది నట్టింటిని పాడుచేసెను. నాలుగవ దినమున నాకు సహనము తప్పినది. వార్తాపత్రికను చుట్టగా మడిచి రెండు దెబ్బలు వేసి, దాని మూతిని ఆ తడిలో రాచితిని. మా పెద్దలు అట్లే చేయుట చూచియుంటిని గావున, అది సరియైన పద్ధతి యనియే తలచితిని. మఱునాడు నట్టిల్లు శుభ్రముగా నుండెను. నేను గెలిచితినని సంతోషించితిని. రెండు దినములు గడచినవి. వంటయింటి మూల బియ్యపు సంచి వెనుకనుండి దుర్వాసన వచ్చెను. కుక్కపిల్ల ఇల్లు పాడుచేయుట మానలేదు. నా కంటి యెదుట పాడుచేయుట మాత్రమే మానినది. అంతే కాదు, నేను పిలిచినచో పొట్ట నేలకు రాచుకొనుచు ప్రాకి దూరముగా పోవుచుండెను.

మా ఇంటి వెనుక బీడులో గొఱ్ఱెలను మేపు ఒక వృద్ధుడు ఇది చూచి నవ్వెను. ఆయన మందకు రెండు కుక్కలు కాపలా. అవి ఆయన ఈల వేసినచో ఎంత దూరమునుండియైనను పరుగెత్తి వచ్చును. “దానికేమెఱుక సారూ! మీరు కొట్టినరని ఎఱుకే గాని, ఎందుకు కొట్టినరో ఎఱుక లేదు. ఏడ పోవాల్నో చూపించినరా దానికి?” అని ఆయన అడిగెను. నేను సమాధానము చెప్పలేకపోతిని. చేయరాని పనిని చూపితిని గాని, చేయవలసిన పనిని నేను ఒక్కమారైనను చూపలేదు.

ఆ వృద్ధుని ప్రశ్నలోనే కఠిన పద్ధతి యొక్క మొదటి లోపము వెల్లడియగుచున్నది. దెబ్బ “వద్దు” అని చెప్పగలదు. “ఇట్లు చేయుము” అని చెప్పజాలదు. చేయరాని పనులు వేయి ఉండును. చేయవలసిన పని ఒక్కటియే. వేయింటికి వేయి దెబ్బలు కొట్టుట కంటె ఆ ఒక్కదానిని చూపుట సులభము గదా! రెండవ లోపము కాలమునకు సంబంధించినది. కుక్కపిల్ల తన చేతకును దాని ఫలమునకును గల సంబంధమును క్షణమాత్రములో గ్రహించును, జాగైనచో గ్రహింపలేదు. ఉదయము కొఱికిన చెప్పునకు సాయంకాలము మనము ఇల్లు చేరిన పిదప కొట్టినచో, అది దేనికి దెబ్బ తినెనని తలచును? యజమాని ఇంటికి వచ్చుటయే ప్రమాదమని తలచును. “అది తప్పు చేసినట్లు తెలిసియే తల దించుకొన్నది” అని మనము చెప్పుకొందుము. నిజమునకు అది మన ముఖమునందలి కోపమును చూచి వెఱచినది, అంతే. మూడవ లోపము అన్నింటికంటె పెద్దది. భయము చేసిన పనికి అంటుకొనక, కొట్టిన చేతికి అంటుకొనును.

ఐనను కఠిన పద్ధతిని సమర్థించువారు తెలివిలేనివారు కారు. వారి మాటలకును ఒక చరిత్ర కలదు. జర్మనీ దేశీయుడైన కొన్రాడ్ మోస్ట్ అనునతడు 1910వ సంవత్సరమున కుక్కల శిక్షణను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. పోలీసు కుక్కలను, సైనిక శునకములను తీర్చుటలో ఆయన అనుభవజ్ఞుడు. నిర్బంధమునకు ఆ గ్రంథమున పెద్ద స్థానము కలదు. కుక్కకు యజమానియే అధిపతియని తెలియవలెను, ఎదిరించినచో బలముతో లొంగదీయవలెను అను భావము అటువంటి సైనిక శిక్షణల నుండి పెక్కు దేశములకు వ్యాపించెను. గొంతు బిగియు గొలుసు ఆ పద్ధతికి పనిముట్టు.

తరువాతి కాలమున ఈ భావమునకు తోడేళ్ల ఉదాహరణము తోడైనది. రుడాల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు బంధించి ఉంచిన తోడేళ్లను పరిశీలించి, అవి అధికారమునకై కలహించుకొనునని 1947లో వ్రాసెను. డేవిడ్ మెక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970లో తన గ్రంథమునందు ఆ అభిప్రాయమునే తెలిపెను. “తోడేళ్ల మందకు బలవంతుడైన నాయకుడు కలడు, కుక్క తోడేలు వంశమునకు చెందినది, కావున మనము కుక్కకు బలవంతులమైన నాయకులము కావలెను” అని జనులు వాదించిరి. కాని పిదప అడవిలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను సంవత్సరముల తరబడి చూచిన మెక్, 1999లో తన అభిప్రాయమును తానే సవరించుకొనెను. అడవిలోని మంద యనగా సాధారణముగా తల్లి, తండ్రి, వారి పిల్లలు. అక్కడ నాయకత్వమనగా తలిదండ్రుల పోషణయే గాని, కొట్లాడి గెలిచిన సింహాసనము కాదు. చెఱసాలలోని అపరిచితుల ప్రవర్తనను చూచి కుటుంబ ధర్మమును నిర్ణయించుట ఎంత పొరపాటో, మొదటి వాదన అంత పొరపాటు. తన మాట తప్పని తెలిసినప్పుడు బహిరంగముగా దిద్దుకొన్న ఆ శాస్త్రజ్ఞుని నడతయు మనకు పాఠమే.

జంతువులు ఎట్లు నేర్చునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు చిరకాలముగా కృషి చేయుచున్నారు. రష్యా దేశీయుడైన పావ్లోవ్ 1904లో నోబెల్ బహుమానమును పొందెను. ఆహారమునకు ముందు వినబడు ధ్వనికే కుక్క నోట లాలాజలము ఊరునని ఆయన పరిశోధనలు తెలిపినవి. అనగా సుఖమునకు ముందు వచ్చు సంకేతము సుఖమును, దుఃఖమునకు ముందు వచ్చు సంకేతము దుఃఖమును గుర్తునకు తెచ్చును. అమెరికాలో థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెలలో ఉంచి, అవి గడియ తీసికొని వెలుపలికి వచ్చు విధమును పరీక్షించెను. ఏ పనికి మంచి ఫలము కలుగునో ఆ పనిని ప్రాణి మఱల మఱల చేయునని ఆయన తేల్చెను. ఇది మన పల్లెలలోని గొఱ్ఱెల కాపరి గ్రంథములు చదువకయే ఎఱిగిన సత్యము. పిలిచినప్పుడు వచ్చిన కుక్కకు రొట్టెముక్క దొరికినచో మఱునాడు అది మఱింత త్వరగా వచ్చును. వచ్చిన కుక్కకు దెబ్బ దొరికినచో రానేరాదు.

ఇటీవలి పరిశోధన యొకటి చెప్పెదను. 2020లో పోర్చుగలు దేశపు శాస్త్రజ్ఞులు కొందఱు 92 కుక్కలను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఆ కుక్కలలో కొన్నింటికి బహుమానములతోను, కొన్నింటికి గద్దింపులతో, గొలుసు కుదుపులతోను శిక్షణ జరుగుచుండెను. కఠిన శిక్షణ పొందు కుక్కలు పాఠ సమయమున ఎక్కువగా పెదవులు నాకుకొనుచు, ఆవులించుచు, ఒదిగి యుండుచు కలతను తెలిపినవి. వాటి లాలాజలమున కలతను సూచించు రసాయనమును పాఠానంతరము పెరిగెను. పిమ్మట వేఱొక పరీక్ష చేసిరి. గదిలో ఒక ప్రక్కనున్న గిన్నెలో ఆహారముండుననియు, రెండవ ప్రక్కనున్న గిన్నె వట్టిదనియు మొదట కుక్కలకు నేర్పిరి. పిదప గిన్నెను నడుమ ఉంచిరి. మెత్తని పద్ధతిలో పెరిగిన కుక్కలు ఆశతో పరుగెత్తినవి. మిక్కిలి కఠినముగా శిక్షణ పొందినవి ఆహారముండదేమో యన్నట్లు మెల్లగా నడచినవి. విద్యార్థులారా, దెబ్బ శరీరమునకు తగిలి ఊరకుండదు. అది ఆశకు కూడ తగులును.

ఇక మన ఇండ్లలో సాధారణముగా వినవచ్చు వాదములను పరిశీలింతము. మొదటిది, దండమునకు పది గుణములు కలవను పెద్దల మాట. ఈ మాటను దెబ్బకు ప్రమాణముగా చూపువారు ఆ పది గుణము లెవ్వియో అడిగినచో చెప్పలేరు. పక్షులను, కుక్కలను, శత్రువులను, పాములను, పశువులను అదలించుటకును, బురదలో, నీటిలో, చీకటిలో, గ్రుడ్డితనమున, ముసలితనమున ఊతగా నుండుటకును చేతికఱ్ఱ ఉపకరించునని దాని భావము. మీదికి వచ్చు కుక్కను ఆపుటకు కఱ్ఱ పనికివచ్చునని అందులో కలదు. కాని ఇంటి కుక్కకు బుద్ధి చెప్పుటకు పనికివచ్చునని ఎక్కడను లేదు. ఆత్మరక్షణ వేఱు, అధ్యాపనము వేఱు.

రెండవ వాదము కాపలాకు సంబంధించినది. “మెత్తగా పెంచిన కుక్క దొంగను చూచి తోక ఆడించును, కాపలా కుక్క క్రూరముగా నుండవలెను” అందురు. ఇది వినుటకు సబబుగా తోచును. కాని కాపలా కుక్కకు కావలసినది క్రూరత్వము కాదు, వివేకము. పాలవాడెవడో, పరాయివాడెవడో, పొరుగింటి పసివాడెవడో అది తెలిసికొనవలెను. కొట్టి, పొట్టి గొలుసుతో గేటుకు కట్టివేసిన కుక్క కదలు ప్రతిదానిమీదికిని దుముకును. అది కాపలా కాదు, భీతి. స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమునందు, మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు కుక్కపిల్ల లోకమును పరిచయము చేసికొను ముఖ్య కాలమని తెలిపిరి. ఆ దినములలో అది మనుష్యులను, శబ్దములను, వాహనములను నిర్భయముగా చూచినచో పిదప స్థిమితముగా నుండును. ఆ వయస్సుననే దెబ్బలు తినినచో లోకమంతయు శత్రువుగానే తోచును. మొక్కగా నున్నప్పుడు వంచవలెనను సామెత నిజమే. కాని లేతమొక్కను వంచు చేయి మృదువుగా నుండవలెను, లేనిచో అది వంగదు, విఱుగును.

హైదరాబాదునకు పడమట మొయినాబాదులో పోలీసు కుక్కలకు శిక్షణ నిచ్చు కేంద్రము కలదు. పోలీసు జాగిలములను మించిన కాపలా కుక్కలు మనకు లేవు గదా. పేలుడు పదార్థములను వాసన చూచి పట్టు కుక్కకు ఎట్లు నేర్పుదురు? ఆ వాసనను పసిగట్టి నిలిచినప్పుడు దానికి ఇష్టమైన బంతిని ఇచ్చి ఆడింతురు, మెచ్చుకొందురు. లోకమంతట అట్టి జాగిలములకు ఈ బంతియాటయే సాధారణముగా జీతము. వెఱచిన కుక్క వాసనను వెదకదు. యజమాని ముఖమును వెదకును. వందలాది జనుల ప్రాణములు ఆధారపడియున్న పనిని ఆటవలె నేర్పగా లేనిది, గేటు దగ్గఱ కూర్చుండు పనిని దెబ్బతో నేర్పవలెనా?

మూడవ వాదము రహదారికి సంబంధించినది. “లారీలు పరుగెత్తు బాట ప్రక్కన ఇల్లు. కుక్కపిల్ల బాటమీదికి ఉరికినప్పుడు బుజ్జగించుచు కూర్చుందుమా?” అని అడుగుదురు. కూర్చుండరాదు. మెడపట్టీ పట్టుకొని వెనుకకు లాగవలెను. అవసరమైనచో బిగ్గఱగా కేక వేయవలెను. అది ప్రాణరక్షణము. కాని మఱునాడు గేటు తెఱచి ఉంచి, మఱల ఉరుకుటకై కాచుకొని కొట్టుట శిక్షణ కాదు. గేటు మూయుట, త్రాడు పట్టి నడిపించుట, పిలిచిన వెంటనే వచ్చుట నేర్పుట, ఇవియే రక్షణోపాయములు. పిలుపునకు భయపడు కుక్క ప్రమాద సమయమున మన వైపు రాదు, బాట వైపే పరుగెత్తును. కఠిన పద్ధతి అన్నింటికంటె అవసరమని చెప్పబడు చోటనే అది అన్నింటికంటె నిరుపయోగము.

మఱియొక అపాయమును మఱువరాదు. కుక్క కఱచుటకు ముందు సాధారణముగా హెచ్చరించును: శరీరమును బిగించును, కన్నులు త్రిప్పును, గుఱ్ఱుమనును. గుఱ్ఱుమన్నప్పుడెల్ల కొట్టినచో అది గుఱ్ఱుమనుట మానును. కాని దాని భయము మానలేదు. హెచ్చరిక మాత్రమే మానినది. అట్టి కుక్క ఒకనాడు సద్దు చేయకయే కఱచును. కఱవబడువాడు తఱచుగా ఇంటిలోని పసిబిడ్డయే. ఇక్కడ ఒక మాట చెప్పి ముందునకు పోదును. కుక్క కఱచినచో గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పారు నీటితోను 15 నిమిషముల పాటు కడిగి, ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. వెఱ్ఱికుక్క కాటు వ్యాధి లక్షణములు బయటపడిన పిదప ప్రాణము దక్కుట దుర్లభము. ముందుగా టీకా వేసినచో ఆ వ్యాధిని నివారింపవచ్చును. పాశ్చర్ 1885లోనే ఆ మార్గమును చూపెను. నేడు శామీర్‌పేట చేరువనున్న జీనోమ్ వ్యాలీలో పలు వ్యాధులకు టీకాలు తయారగుచు దేశదేశములకు పోవుచున్నవి. అట్టి ప్రాంతమున నివసించుచు మన కుక్కకు టీకా వేయింపకుండుట సిగ్గుపడవలసిన విషయము.

ఇంతవఱకు కఠిన పద్ధతిని ఖండించితిని. ఇప్పుడు మెత్తదనమును కూడ ప్రశ్నింపవలెను. మెత్తగా పెంచుట యనగా అడ్డులేక విడుచుట కాదు. కొన్ని ఇండ్లలో తాతగారు భోజనము చేయుచు కుక్కకు ముద్ద విసరుదురు. మఱునాడు అది అతిథి విస్తరిలో మూతి పెట్టినచో తండ్రి తన్నును. చిన్నదిగా నున్నప్పుడు మీదికి ఎగిరినచో పిల్లలు ముద్దాడుదురు. పెద్దదై ఎగిరినచో అందఱును తిట్టుదురు. ఇందులో తప్పు కుక్కది కాదు. నియమము దినమునకొకటి, మనిషికొకటి యైనచో మానవుడే నేర్వలేడు, మూగజీవి యెట్లు నేర్చును? గారాబము చేయు ఇల్లు తఱచుగా తుదకు కొట్టు ఇల్లుగానే మాఱును. నియమము వేఱు, క్రూరత్వము వేఱు. నియమము రాతిగట్టువలె స్థిరముగా నుండవచ్చును. దానిని నేర్పు చేయి మాత్రము మెత్తగా నుండవలెను. కఠిన పద్ధతి వారు నియమము కావలెనన్న మాట సత్యము; దానికి దెబ్బ కావలెనన్న మాట అసత్యము.

మఱి చేయవలసినదేమి? నేను పిమ్మట అవలంబించినది చెప్పెదను. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనలేదు గావున, నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే దానిని పెరటిలోని ఒకే చోటునకు కొనిపోతిని. అక్కడ పని ముగించినంతనే మెచ్చుకొని చిన్న రొట్టెముక్క నిచ్చితిని. ఇంటిలో పొరపాటు జరిగినచో ఏమియు అనక తుడిచితిని. ఆ పొరపాటు నేను కనిపెట్టకపోవుట వలన జరిగినదేగాని వేఱు కాదు. చెప్పు కొఱికినచో చెప్పును తీసి దానికి తగిన ఆటవస్తువు నిచ్చితిని. చెప్పులను అఱలో పెట్టుట మేమును నేర్చుకొంటిమి. మీదికి ఎగిరినచో ముఖము త్రిప్పుకొని నిలిచితిని. నాలుగు కాళ్లును నేలనుంచినప్పుడు నిమిరితిని. పాఠము అయిదు నిమిషములకు మించనీయలేదు. పిలిచి ఎన్నడును దండింపలేదు. ఇంటిలోని వారందఱమును ఒకే మాటను ఒకే అర్థమున వాడితిమి. కొన్ని వారములలో ఇల్లు శుభ్రపడెను. ఇందులో మాయ లేదు, ఓర్పు మాత్రమే కలదు. నిజమునకు ఈ శిక్షణలో సగము కుక్కకు, సగము మనకు.

మన పురాతన సాహిత్యమున ఈ విషయమునకు సంబంధించిన కథ యొకటి కలదు. నన్నయ తెనిగించిన మహాభారతము ఆదిపర్వమున అది వచ్చును. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచున్న చోటునకు దేవశునియగు సరమ కుమారుడు సారమేయుడు ఆడుకొనుచు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లితో చెప్పుకొనెను. సరమ రాజు నెదుటికి వచ్చి, నా కుమారుడు చేసిన తప్పేమియని నిలదీసెను. యోగ్యాయోగ్యములు విచారింపక దుర్బలులకు కీడు చేయువారికి తలవని తలంపుగా భయములు కలుగునని హెచ్చరించి వెడలిపోయెను. సార్వభౌముడు ఆ మాటకు కలతచెంది, శాంతి చేయింప తగిన పురోహితుని వెదకుకొనుచు పోయెను. అంతటి మహేతిహాసము యొక్క తొలి కథలలో ఒకటి, తప్పు చేయని ఒక కుక్కపిల్లను కొట్టిన కథ యగుట గమనింపదగినది. అదే భారతము చివఱ ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పలికెను. ఆదిని కుక్కకు జరిగిన అన్యాయము, అంతమున కుక్కకు జరిగిన న్యాయము. నడుమ పదునెనిమిది పర్వముల ధర్మవిచారము.

ఆ ధర్మమునకు నేడు చట్టము కూడ తోడైనది. రుక్మిణీదేవి అరుండేల్ 1953లో రాజ్యసభయందు జంతుహింసను నివారించుటకై ఒక బిల్లును ప్రవేశపెట్టెను. ఆమె కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. జంతువును కొట్టి బాధించుటయు, మఱీ పొట్టిదైన లేక బరువైన గొలుసుతో చిరకాలము కట్టివేయుటయు, నిత్యము కట్టివేయు కుక్కను తిప్పకుండుటయు ఆ చట్టము ప్రకారము నేరములు. ప్రాణులయెడ దయ కలిగియుండుట పౌరుల విధియని 1976లో మన రాజ్యాంగమున చేర్చబడెను. మీకు సంబంధించిన చట్టమును ఒకటి కలదు. బడిలో బాలబాలికలను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము శాసించుచున్నది. బెత్తము లేనిదే చదువు రాదని ఒక తరమువారు నమ్మిరి. బెత్తమునకు వెఱచిన బాలుడు లెక్కను నేర్వలేదు, లెక్కల గంటకు వెఱచుటను మాత్రమే నేర్చెను. బియ్యపు సంచి వెనుక దాగిన మా కుక్కపిల్లకును, వెనుక బల్లమీద తల దాచుకొన్న ఆ బాలునకును భేదమెంత?

శిక్ష యను మాటను చూడుడు. సంస్కృతమున దానికి నేర్పుట యని అర్థము. తెలుగున అది దండనమునకు పేరైనది. నేర్పుట యనగా కొట్టుటయే యని మనవారు ఎంత కాలము నమ్మిరో ఈ ఒక్క మాటయే తెలుపుచున్నది. మీ తరమువారు ఆ మాటకు దాని మొదటి అర్థమును మఱల సంపాదింపవలెను.

బాలబాలికలారా, మీ ఇంటికి రేపు ఒక కుక్కపిల్ల రావచ్చును. దానికి ఏమి నేర్పవలెనో పెద్దలు నిర్ణయింతురు. ఎట్లు నేర్పవలెనో చెప్పు అవకాశము మీకును కలదు. మీ పద్ధతి సరియైనదో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి చెప్పెదను. దానిని పిలువుడు. అది వచ్చినంత మాత్రమున మీరు గెలిచినట్లు కాదు, భయపడినదియు రావచ్చును. ఎట్లు వచ్చుచున్నదో చూడుడు. తల యెత్తి, తోక ఆడించుచు పరుగున వచ్చినచో మీరు మంచి గురువులు.

మా కుక్క ఇప్పుడు పెద్దదైనది. పిలిచినచో అట్లే వచ్చును. గేటు దగ్గఱ కూర్చుండి, ఊరివారిని చూచి ఊరకుండి, కొత్తవారిని చూచి మొఱుగును. నేను చేసిన తప్పును అది క్షమించినదనియే తలచుచున్నాను. కాని ఉదయమున నేను వార్తాపత్రికను చదివి మడిచినప్పుడెల్ల అది లేచి, గది విడిచి వెలుపలికి పోవును. రెండు దెబ్బలు వేయుటకు నాకు అరనిమిషము పట్టలేదు. వాటిని మఱపించుటకు ఇన్ని సంవత్సరములును చాలలేదు.